బరంపురాన్ని కాలినడకన చూడడం ఎలా: వీధికో వేళ

ఒడిశాలోని బరంపురం స్టేషనులో దిగి బయటకు రాగానే ఆటోవాళ్ళు చుట్టూ మూగి, "బడా బజారా? పాత బస్టాండా? మెడికలా?" అని అడుగుతారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చే మనవారిలో ఎక్కువమంది ఆ మూడింటిలో ఏదో ఒకటి చెప్పి ఆటో ఎక్కుతారు. పట్టుచీరో, పెళ్ళి సామానో కొనుక్కుని, లేదా ఆసుపత్రిలో ఉన్న బంధువును పలకరించి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోతారు. ఇరవై ఏళ్ళుగా అలా వచ్చి వెళుతున్న మా దగ్గరి చుట్టాలు కొందరికి, ఈ ఊళ్ళో పట్టు నేసే గుంటమగ్గాలు నడిచే వీధి ఉందని నేను చెప్పేదాకా తెలియదు. ఒక్కసారి నడిచి చూడండి అంటే, "ఆ రద్దీలో నడవడమా!" అంటారు.

రద్దీ నిజమే. సాయంత్రం ఆరున్నరకు బడా బజారులో రెండు మోటారు సైకిళ్ళ మధ్య సంచీ పట్టుకుని ఇరుక్కున్న మనిషి ముందుకూ కదలలేడు, వెనక్కూ పోలేడు. కానీ అదే వీధి ఉదయం ఏడింటికి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా, నీళ్ళు చల్లిన వాకిళ్ళతో కనిపిస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగి, రోజూ నడిచే అలవాటున్న నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే: రద్దీగా ఉండే ఊళ్ళో దారి కన్నా ముందు వేళను ఎంచుకోవాలి. ఏ వీధికి ఏ వేళకు వెళితే నడవడానికీ, నిలబడి చూడడానికీ వీలుంటుందో తెలిస్తే, ఒంటరిగా వచ్చినవారైనా, పెద్ద వయసువారైనా ఒక్క పగటిలో ఈ ఊరిని నెమ్మదిగా నడిచి చూడగలరు.

బయలుదేరే ముందు

వీలుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న నెలల్లో రండి. గోపాలపురం సముద్రతీరం ఇక్కడికి దాదాపు 16 కిలోమీటర్లే కాబట్టి, వేసవిలో ఎండతో పాటు ఉక్క కూడా ఉంటుంది. పట్టిన చెమట ఆరదు, అందువల్ల మనిషి అనుకున్న దాని కన్నా త్వరగా నీరసపడతాడు. అక్టోబరు తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ నెలలో రావలసి వస్తే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని మాత్రమే బయలుదేరండి. చైత్రమాసంలో మంగళవారాలు తారాతారిణి అమ్మవారి దర్శనానికి వెళ్ళే జనంతో బస్సులూ, బస్టాండులూ నిండిపోతాయి కాబట్టి, అమ్మవారి దర్శనమే మీ పని అయితే తప్ప, ఆ రోజులను విడిచిపెట్టండి.

కాళ్ళకు పాత చెప్పులే వేసుకోండి. కొత్తవి మొదటి గంటలోనే కరుస్తాయి. లేసులు కట్టే బూట్లు నడకకు మంచివే గాని, గుడి దగ్గర, మగ్గమున్న ఇంటి దగ్గర, పరుపు మీద కూర్చోబెట్టి చీరలు చూపే దుకాణం దగ్గర పదిసార్లు విప్పి కట్టుకోవలసి వస్తుంది. మడమ వెనక పట్టీ ఉండి, వంగకుండా విడవడానికి వీలున్న చెప్పులు అన్నిటికన్నా మేలు. సంచీ భుజానికి అడ్డంగా వేసుకునేది ఉండాలి. బజారులోకి వెళ్ళగానే దాన్ని ముందుకు, పొట్ట మీదకు తిప్పుకోవాలి. ఒక లీటరు నీళ్ళు, ఒక గొడుగు, కొన్ని పది, ఇరవై రూపాయల నోట్లు, ఒక చిన్న తువ్వాలు చాలు. ఫోనులో ఈ ఊరి మ్యాపును ముందే దించుకుని పెట్టుకుంటే, సిగ్నలు అందని సందులలో కూడా పనికి వస్తుంది.

ఆ తరువాత, తిరిగి చేరే చోటును నిర్ణయించుకోండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవారికి అది స్టేషను; రాత్రికి ఉండేవారికి బస. ఆ చోటు పేరును ఒక కాగితం మీద ఒడియాలో కూడా రాయించుకుని జేబులో పెట్టుకోండి, ఎందుకంటే ఫోను ఛార్జింగు అయిపోయిన రోజున ఆ కాగితమే మిమ్మల్ని ఇల్లు చేరుస్తుంది. ఉదయం ఒక చుట్టు, పది గంటల తరువాత ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు చొప్పున నడకను మూడు ముక్కలు చేసుకోండి. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్లకు మించనక్కరలేదు. ఖాళీ రోడ్డు మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి బజారులో రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ మధ్య దూరాన్ని షేరింగ్ ఆటోలో దాటేయండి. ఆటో ఎక్కితే నడక చెడిపోయినట్టు కాదు; మిగిలిన కాళ్ళ సత్తువను చూడవలసిన వీధికి దాచుకున్నట్టు.

పేర్లు చదవడం నేర్చుకోండి

ఈ ఊళ్ళో నడిచేవారికి మ్యాపు కన్నా వీధుల పేర్లే ఎక్కువ దారి చెబుతాయి. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందువల్ల ఇక్కడి పేర్లలో రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది ఏ భాషదో తెలిస్తే చాలా సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. బడా అంటే పెద్ద, సానా అంటే చిన్న. కాబట్టి బడా బజారు పెద్ద బజారు, సానా బజారు చిన్న బజారు. నువా అంటే కొత్త, పురుణా అంటే పాత. గోసాణినువాగావ్ అన్న పొడుగాటి పేరు విని తడబడకండి. అందులో ఉన్నది కొత్త ఊరు అన్న మాటే. సాహి అంటే ఒక కులంవారో, ఒక వృత్తివారో కలిసి ఉండే వీధి, మనం పాలెం అన్నట్టుగా. ఛక్ అంటే కూడలి. పోఖరి అంటే కొలను, దేఉళ అంటే గుడి. కోర్టుపేటలో పేట మనదే, లాంజిపల్లిలో పల్లె మాట రెండు భాషలదీ.

ఒడియా అక్షరాలను చూసి బెదిరిపోనక్కరలేదు. అక్షరం పైన గొడుగు విప్పినట్టు ఒక వంపు ఉంటుంది. ఆ వంపును కాసేపు మరచిపోయి కింది భాగాన్ని మాత్రమే చూస్తే కన్ను త్వరగా అలవాటు పడుతుంది. అంకెలు ఇంకా తేలిక. పాత తెలుగు పంచాంగాలలో మనం రాసుకున్న ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు గుర్తుంటే, ఒడియాలో ఆ నాలుగూ అదే పోలికలో కనిపిస్తాయి. సున్న అయితే సున్నే. మా తాతగారి పద్దుల పుస్తకంలోని తెలుగు అంకెలు నేర్చుకున్న పిల్లలకు మా ఇంట్లో ఒడియా అంకెలు వేరుగా నేర్పవలసిన అవసరం రాలేదు.

దారి అడగడానికి నాలుగు మాటలు చాలు. ముందు "ఆజ్ఞా" అని పలకరించండి; ఇక్కడివారు దాన్ని "ఆగ్యాఁ" అన్నట్టుగా పలుకుతారు, మన "అండీ" వంటి మర్యాద అందులో ఉంది. "కేఉఁ బాటే జిబి?" అంటే ఏ దారిన వెళ్ళాలి అని. "చాలి చాలి జాఇ హేబ?" అంటే నడిచి వెళ్ళవచ్చా అని. ఈ రెండో ప్రశ్నను తప్పకుండా అడగండి, ఎందుకంటే అవతలి మనిషి అప్పుడే మీ కాళ్ళ వంక చూసి, మోటారు సైకిలు దారి కాక నడిచే దారి చెబుతాడు. "సిధా" అంటే నేరుగా, "డాహాణ పటే" అంటే కుడివైపు, "బాఁ పటే" అంటే ఎడమవైపు. పెద్దాయన అయితే "మౌసా" అనీ, పెద్దావిడ అయితే "మాఉసీ" అనీ పిలిస్తే పని మరింత సులువవుతుంది. పాత బజార్లలో, నేతవారి వీధుల్లో మీరు సగం మాట ఒడియాలో అనేలోపే అవతలివారు తెలుగులో బదులిచ్చినా ఆశ్చర్యపోకండి. ఆ తెలుగు శ్రీకాకుళం యాసలో, మధ్యమధ్య ఒడియా కలిసి ఉంటుంది. ఒక్క మనిషి చెప్పిన దారిని మాత్రం పూర్తిగా నమ్మి చాలా దూరం పోవద్దు. మూడు వందల అడుగులకొకసారి మరొకరిని అడగండి.

మొదటి చుట్టు: ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు

ఈ చుట్టును ఊరి మధ్యనున్న రామలింగేశ్వర చెరువు దగ్గర మొదలుపెట్టండి. ఆ వేళకు అక్కడ నడకకు వచ్చే ఊరివారే ఉంటారు గాని, బండ్లు ఉండవు. ఒక్కసారి చుట్టూ నడిస్తే, ఈ ఊళ్ళో రోడ్డు ఎంత వెడల్పో, కాలువ ఎక్కడ పారుతుందో, కుక్కలు ఎక్కడ గుంపుగా పడుకుంటాయో కాళ్ళకు ఒక అంచనా వస్తుంది. తెల్లవారుజామున కుక్కలు తమ వీధిని కాపలా కాస్తూ ఉంటాయి. వాటి ఎదురుగా పరుగెత్తవద్దు, కళ్ళలోకి చూడవద్దు. రోడ్డుకు అవతలి వైపుకు మారి మామూలు నడకతో సాగిపోవాలి. పొరపాటున కరిచినా, గీరినా, ఆ చోటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు టీకా వేయించుకోవాలి. గాయం చిన్నదే కదా అని ఊరుకోవడం ప్రాణాంతకం.

అక్కడి నుంచి బజారు వీధుల వైపు నడవండి. దుకాణాలు తెరవక ముందు తలుపుల పైన ఉన్న పాత మేడలు కనిపిస్తాయి: చెక్క దూలాలు, ఇనుప కటకటాల వరండాలు, గోడలో మలిచిన చిన్న గూళ్ళు. పది గంటల తరువాత వేలాడే బట్టలూ, బోర్డులూ వాటిని కప్పేస్తాయి. ఈ ఊరికి 1867లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఆ కాలపు ఇరుకు వీధుల మీదే ఇప్పటి బండ్లన్నీ తిరుగుతున్నాయని ఖాళీ వీధిలో నిలబడినప్పుడు బాగా అర్థమవుతుంది. వాకిళ్ళలో ముగ్గులు కూడా ఈ వేళకే చూడాలి. మన చుక్కల ముగ్గు వేసిన వాకిలీ, వారు "ఝోటి" అని పిలిచే పిండి ముగ్గు వేసిన వాకిలీ ఒకే వరుసలో కనిపించిన రోజులున్నాయి.

ఏడున్నరకు ఫలహారం చేయండి. బండి దగ్గర ఇడ్లీ, ఉప్మా, వడ దొరుకుతాయి, కానీ ఇక్కడి పద్ధతిలో తినాలంటే ఉప్మా మీద ఘుగుని వేయమని అడగాలి. ఘుగుని అంటే ఎండు బఠాణీల కూర. ఆకు దొన్నెలో వేడి ఉప్మాను చదునుగా నొక్కి, దాని మీద గరిటెడు ఘుగుని పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి ఇస్తారు. పులుసు ఉప్మాలోకి దిగి అడుగున ఆకు తడిసే లోపల తినాలి, ఆలస్యమైతే దొన్నె వేళ్ళను కాలుస్తుంది. జనం ఎక్కువగా నిలబడి ఉన్న బండినే ఎంచుకోండి, అక్కడ వండినది ఎప్పటికప్పుడు అయిపోతుంది. నీళ్ళు మాత్రం మీ సీసాలోవే తాగండి.

రోడ్డు మీద ఎలా నడవాలి

ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీదే నడవాలి. లేనిచోట రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కంటికి కనిపించేలా నడవాలి. మనలో చాలామంది ఎడమవైపు నడుస్తూ, వెనక హారను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడతారు. కుడివైపుకు మారిన పది నిమిషాలలో ఆ ఉలికిపాటు పోతుంది. రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తకండి, మధ్యలో ఆగి వెనక్కు తిరగకండి. ఒకే వేగంతో నడిచే మనిషిని బండి నడిపేవాడు తప్పించుకుని పోగలడు. ఆగుతూ, ఉరుకుతూ ఉండే మనిషి ఎటు కదులుతాడో అతనికి అంచనా దొరకదు. ఒక్కరే దాటలేననిపిస్తే, దాటబోతున్న నలుగురి పక్కన, బండ్లు రాని వైపున చేరి వారితో పాటు అడుగు వేయండి. ఎద్దులూ, ఆవులూ దారికి అడ్డంగా ఉంటే వాటి ముందు నుంచి గాని, తోక వెనక నుంచి గాని కాక, కాస్త ఎడంగా పక్క నుంచి వెళ్ళండి.

కాలువల మీద పరచిన రాతిపలకల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక ఆషాఢమాసపు వానలో నేను పలక ఉందనుకుని వేసిన అడుగు నేరుగా కాలువలోకి దిగింది. మోకాలి దాకా మునిగి, మడమ బెణికి, పదిహేను రోజులు గుమ్మం దాటలేదు. అప్పటి నుంచి వాన నీరు నిలిచిన వీధిలో నేను అంచున నడవను. నీళ్ళ కింద రోడ్డు కనిపించనప్పుడు వీధి నడిమధ్యన నడవాలి, గొడుగును మడిచి దాని కొసతో ముందు తడిమి చూసుకుని అడుగు వేయాలి, తెగి వేలాడే కరెంటు తీగ కనిపిస్తే ఆ నీళ్ళలోకి అసలే దిగకూడదు. వాన తగ్గేదాకా ఒక అరుగు మీద నిలబడితే పోయేదేమీ లేదు.

రెండో చుట్టు: పది నుంచి పన్నెండున్నర వరకు నేతవీధులు

బరంపురం పట్టు పేరు వినని తెలుగు ఇల్లు ఉత్తరాంధ్రలో తక్కువ. మగవారి పట్టు జోడు (పంచె, ఉత్తరీయం), ఆడవారి పట్టుచీర ఇక్కడి ప్రత్యేకతలు. "ఫోడా కుంభ" అనే అంచుతో ఉన్న ఈ నేతకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుంభ అంటే గుడి శిఖరం ఆకారం. మన చేనేతలో కోటకొమ్మ అంచు అంటామే, దానికి ఇది దగ్గరి చుట్టం. నేసేవారిలో పెద్ద పాలు దేరా సమాజంవారిది. వీరి పూర్వులు తెలుగు నేల నుంచి ఇక్కడికి వచ్చారని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఈ వీధులకు పది గంటలకు ముందు వెళ్ళవద్దు. అప్పటికి ఇళ్ళలో వంటా, స్నానాలూ, పిల్లల బడి హడావిడి నడుస్తూ ఉంటాయి. మగ్గం ఉన్నది దుకాణంలో కాదు, ఇంట్లోనే. పది దాటాక వీధిలోకి తిరిగి, మాట్లాడకుండా ఒక్క నిమిషం నిలబడండి. మగ్గం చప్పుడు చెవికి ఆనుతుంది: అడ్డదారాన్ని మోసే నాడె దూసుకుపోయిన చిన్న శబ్దం, వెంటనే పలక కొట్టిన బరువైన శబ్దం, మళ్ళీ అదే వరుస. ఆ చప్పుడు వచ్చే వైపుకు నడవండి. గుమ్మం దగ్గర చొరవగా తొంగి చూడకండి. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఎవరో తప్పకుండా, "ఏటమ్మా, ఎవరింటికి?" అని అడుగుతుంది. "పనేమీ లేదమ్మా, మగ్గం చూద్దామని వచ్చేం. చూడొచ్చా?" అని నిజం చెప్పండి. ఒకరు కాదంటే కాదనే. మరో ఇంటి దగ్గర అవునంటారు.

లోపలికి పిలిస్తే చెప్పులు విడిచి, గోడవారగా కూర్చోండి. గుంటమగ్గంలో నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్ళు మాత్రం గోతిలో ఉంటాయి. కింద ఉన్న కర్రలను పాదాలతో ఒకదాని తరువాత ఒకటి తొక్కుతుంటే పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, సగం పైకి, సగం కిందికి విడిపోతాయి, ఆ విడిపోయిన సందులోంచి నాడె పేకను లాక్కుపోతుంది. గోతిలోని చల్లదనం, తేమ వల్ల దారం తెగడం తగ్గుతుందని వారే చెబుతారు. మీ చేతిని గోతి అంచున పెట్టి చూస్తే, పైన ఉడికిపోతున్నా అక్కడ చల్లగా తగులుతుంది. ఒకసారి నా కళ్ళముందే ఒక దారం తెగింది. ఆయన నేత ఆపి, కంటికి సరిగా ఆనని ఆ రెండు కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఉమ్మితో కాస్త తడిపి మెలివేసి, ముడి కూడా కనిపించకుండా కలిపి, మళ్ళీ కర్ర తొక్కాడు. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్న ఆ కొద్ది క్షణాలూ ఆయన మా ఊరి సంగతులు అడుగుతూనే ఉన్నాడు.

ఇక్కడ పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి, ఇవి నిజంగా పాటించండి. వీధిలో గాని, వాకిట్లో గాని పడుగు సాచి ఉంటే దాని మీదుగా దాటవద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి. పట్టు దారాన్ని చెమట చేతితో తాకవద్దు. ఫొటో తీసే ముందు అడగండి, ఆడవారు పని చేస్తున్నచోట రెండుసార్లు అడగండి. మగ్గం దగ్గర బేరం ఆడవద్దు. మగ్గం మీద ఉన్న చీర చాలాసార్లు ఇప్పటికే ఎవరికో ఒప్పుకున్నదై ఉంటుంది. చీర ఖరీదు అడిగి, వెంటనే "అంత ఎందుకు?" అనడం ఆ గోతిలో కూర్చున్న మనిషి ముందు చేయకూడని పని అని నా నమ్మకం.

ఇదే వీధుల్లో రెండేళ్ళకొకసారి, చైత్రంలో, బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వచ్చినట్టుగా భావించి దేశిబెహెరా వీధిలో తాత్కాలిక మందిరం కట్టి నిలుపుతారు. మొక్కుబడి ఉన్నవారు పులివేషం మొదలుకుని రకరకాల వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. యాత్ర రోజులలో వస్తే ఈ వ్యాసంలో చెప్పిన వేళలన్నీ తలకిందులవుతాయి. అప్పుడు అమ్మవారిని తెల్లవారకముందే దర్శించుకోండి, రాత్రి వేళ పిల్లలను, పెద్దవారిని జనం మధ్యకు తీసుకుపోకండి, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

మధ్యాహ్నం

ఒంటిగంట దాటాక పాత దుకాణాలలో చాలా వరకు తలుపులు దించేస్తారు, మళ్ళీ నాలుగూ అయిదింటికి గాని తెరవరు. ఆ వేళలో ఊరు నడిచేవారిది కాదు. భోజనం చేసి, బసలో గాని, స్టేషను వెయిటింగు హాలులో గాని కాళ్ళు చాపుకుని పడుకోండి. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి విషయంలో బజారు వీధులను నమ్ముకునే వీలు లేదు కాబట్టి, రెండో చుట్టుకు ముందూ, మధ్యాహ్న విశ్రాంతిలోనూ ఆ అవసరం తీర్చుకోవడం మంచిది. అందుకోసం నీళ్ళు తాగడం మానేయడం మాత్రం తప్పు. తలనొప్పి, కాళ్ళ పిక్కలు పట్టేయడం మొదలైతే ఎండ తగిలిందని గుర్తించండి. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమానంగా కొలిచిన చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలుపుకుని నెమ్మదిగా తాగాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే ఇంటి వైద్యం చేయవద్దు, 108కి ఫోను చేయండి. ఊళ్ళోనే 1962లో ఏర్పడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆటోవాళ్ళు "మెడికల్" అనేది దానినే. పర్లాకిమిడి రాజావారి పేరు అది.

మూడో చుట్టు: నాలుగు నుంచి ఆరు వరకు

ఎండ వాలగానే గిరి రోడ్డు వైపు రండి. భారత రాష్ట్రపతిగా 1969 నుంచి 1974 వరకు ఉన్న వరాహగిరి వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10న ఈ ఊళ్ళోనే పుట్టారు. ఇక్కడి ఖల్లికోట కళాశాలలోనే చదువుకున్నారు. ఆ కళాశాల 1856లో పాఠశాలగా మొదలై 1878లో కళాశాల అయింది. ఈ రోడ్డు మీద నడుస్తూ పిల్లలకు ఆయన సంగతి చెప్పడం మా ఇళ్ళలో అలవాటు.

నాలుగున్నరకు బడా బజారు చేరండి. దుకాణాలు అప్పుడే తెరుస్తారు, దీపాలు పెడతారు, అగరువత్తి వెలిగిస్తారు. మొదటి బేరం కావాలన్న తొందరలో ఉన్న దుకాణదారు మిమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చూపిస్తాడు. చీర కొనేవారికి ఇదే సరైన వేళ, ఎందుకంటే ఇంకా పగటి వెలుతురు ఉంటుంది. ట్యూబులైటు కింద మెరూన్ రంగూ, ఎరుపూ ఒకటిగానే కనిపిస్తాయి. చీరను గుమ్మం దాకా తీసుకువచ్చి వెలుతురులో చూస్తానని అడగండి, మంచి దుకాణదారు కాదనడు. చీరను తిప్పి వెనక వైపు, ముఖ్యంగా అంచూ ఒళ్ళూ కలిసే చోట చూడండి. అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉందేమో అడగండి. ఇంకా అనుమానం ఉంటే, వారి అనుమతితో కొంగు చివర కుచ్చు నుంచి ఒక దారం తీసి కాల్చమనండి: అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద అవుతుంది, కృత్రిమ దారమైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

సందులలోకి వెళ్ళేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ప్రతి మలుపులోనూ వెనక్కు తిరిగి, వచ్చిన దారి అటు నుంచి ఎలా కనిపిస్తుందో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ ముఖమే. రావిచెట్టు, నీలం తలుపు, కుట్టుమిషను పెట్టుకున్న అరుగు వంటివి గుర్తు పెట్టుకోండి. దుకాణం బోర్డును గుర్తు పెట్టుకుంటే, అది మూసిన తరువాత తలుపు మాత్రమే మిగులుతుంది. దారి తప్పారనిపిస్తే ఎక్కువ సందడి వినిపించే వైపుకు నడవండి, పెద్ద రోడ్డు అక్కడే ఉంటుంది. పిల్లలు వెంట ఉంటే వారి జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. ఎవరైనా వెంట పడుతున్నారనిపిస్తే, ఆడవారు కూర్చున్న దుకాణంలోకి నేరుగా వెళ్ళి, విషయం చెప్పి, 112కి ఫోను చేయండి; ఇక్కడివారు మిమ్మల్ని ఒంటరిగా వదలరు.

ఆరుంబావుకు బజారులోంచి బయటపడేలా చూసుకోండి. ఆ తరువాత వచ్చే జనం ఊరివారు, వారి నిత్యావసరాల కోసం వచ్చినవారు. సంచీలతో, నెమ్మదిగా నడిచే మనం వారికీ అడ్డమే, మనకూ అలసటే.

అప్పడాలూ, పచ్చళ్ళూ అన్నిటికన్నా చివర కొనండి. బరంపురం అప్పడాలకూ, పచ్చళ్ళకూ చుట్టుపక్కల జిల్లాలన్నిటిలోనూ పేరుంది, కానీ పొద్దున్నే కొంటే రోజంతా ఆ బరువు మోయాలి, అప్పడాలు సంచీలో విరిగిపోతాయి. రుచి చూపించమని అడిగి కొనండి. పచ్చడి సీసా మూతను వారి ఎదుటే ఒకసారి తిప్పి చూడండి, మెడ చుట్టూ తడి లేకుండా తుడిపించండి, ఒక పాలిథీను సంచిలో కట్టి, దాని మీద రెండు పొరల వార్తాపత్రిక చుట్టించండి. అప్పడాల కట్టను విడిగా పట్టుకోండి. బండిలో సీసాను పై బెర్తు మీద కాక, కాళ్ళ దగ్గర నిలువుగా, రెండు సంచుల మధ్య ఆనించి పెట్టుకోండి. పక్కకు ఒరిగితే ఇచ్ఛాపురం చేరేలోపే నూనె పట్టుచీర దాకా పాకుతుంది.